యాడ దిగినావు?

మా దిక్కు పట్నం పోయొచ్చినోణ్ణి మొదట అడిగేది "పనైందా?" అని కాదు. "యాడ దిగినావు?" అని. ఎవరింట్లో దిగినాడో తెలిస్తే వాడు ఎవరి మనిషో తెలిసిపోతుంది. కడప జిల్లా పల్లెల్లో మనిషికి పేరెంత ముఖ్యమో, ఎవరి మనిషనేది అంతకన్నా ముఖ్యం. అందులోనూ మాలమాదిగోళ్లకు. మాకు పేరు లేకపోయినా ఊరికి ఇబ్బంది లేదు. ఎవరి మనిషో తెలియకపోతేనే ఇబ్బంది.

నేను మొట్టమొదట హైదరాబాదు పోయింది 1991 ఆగస్టులో. అప్పటికి నాకు ఇరవై మూడేండ్లు. కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకున్నాను. దాన్ని సాంఘిక సంక్షేమ హాస్టలని బోర్డు మీద తప్ప ఎవరూ పలికేవాళ్లు కాదు. అందరికీ అది హరిజన హాస్టలే. చదువయిపోయినాక రెండేండ్లు ఊర్లో ఖాళీగా ఉన్నాను. అప్పుడొక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా పనికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. 12వ తేదీ, సోమవారం, పొద్దున పది గంటలకు.

కార్డు వచ్చిన రోజు మా మాదిగపల్లెలో పండగ. ఆ రాత్రే మొదలైంది అసలు ప్రశ్న. పోయినోడు యాడ దిగల్ల? యాడ పండుకోవల్ల?

మా అమ్మ రెండు మేకపిల్లల్ని అమ్మింది. బస్సు చార్జీలు పోగా చేతిలో నూరు రూపాయలు మిగిలేట్టుంది. మా నాయన వారం రోజులు కూర్చోని నాకు చెప్పులు కుట్టినాడు. ఆయన చేతి పనికి ఒకప్పుడు చుట్టుపక్కల నాలుగూర్లలో పేరుండేది. కపిలబానలకు తొండాలు కుట్టేవాడు, మోకులు పేనేవాడు. కరెంటు మోటర్లొచ్చి కపిలలు పోయినాక ఆ పనీ పోయింది. రెడ్డి దగ్గర రెండెకరాలు కోరుకు తీసుకోని చెనిక్కాయ వేసేవాడు. చాలా ఏండ్ల తర్వాత మళ్లా తోలు ముట్టింది నా ఇంటర్వ్యూ కోసమే.

సంగతి తెలిసి రెడ్డి కబురుచేసినాడు. పోయి వాకిట్లో నిలబడినాను. "మంచిదిరా, మనూరోడు ఆఫీసరయితే మనకే కదా పేరు" అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజంగా సంతోషపడినాడు. లోపలికి పోయి ఒక చీటీ రాసి తెచ్చిచ్చినాడు. "ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో మనోళ్ల రూముంది. ఈ చీటీ చూపించు. ఎన్నాళ్లయినా ఉండు. ఒక రూపాయి ఖర్చు లేదు."

చీటీలో ఉండేది ఒకే మాట. "మనోడే. రూములో పెట్టుకోండి."

మా అమ్మ ఆ చీటీని కండ్లకద్దుకుంది. పట్నంలో కొడుకు దిక్కులేకుండా పోడని ఆమె ధైర్యం. నాయన మాత్రం చెప్పు మీద కత్తి ఆపి చీటీ వైపు చూసి మళ్లా పనిలో పడినాడు. ఆ రాత్రి బయట మంచం మీద పండుకోని నాకు ఆ కథ చెప్పినాడు. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

నేను చిన్నపిల్లోణ్ణిగా ఉన్నప్పుడు రెడ్డికీ పక్కూరి వాళ్లకూ పార్టీ కక్షలు. కేసు హైకోర్టు దాకా పోయింది. రెడ్డి హైదరాబాదు పోవాలంటే చుట్టూ పదిమంది మనుషులుండాల. ఆ పదిమందిలో మా నాయనొకడు. "రా" అన్నారు, పోయినాడు. అంతే. ఎందుకని అడిగే అలవాటు మా పల్లెకు లేదు. పద్నాలుగు రోజులు ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఉన్నాడు. రెడ్లు రూములో, వాళ్ల చుట్టాలు వరండాలో, మా నాయన మెట్లకింద. పగలు జీపు కడిగి, మంచినీళ్లు మోసి, రాత్రి మెట్లకింద గోనెపట్ట పరుచుకోని పండుకునేవాడు. పైన ఎవరు నడిచినా దుమ్ము మొఖం మీద పడేదంట.

"అది కాదురా కష్టం. తిరిగొచ్చినాక తెలిసింది. పద్నాలుగు దినాలు ఆ మెట్లకింద పండుకున్న పాపానికి అవతల పార్టీవోళ్లకు నేను రెడ్డి మనిషినయినా. రెండేండ్లు సంతకు ఒక్కణ్ణే పోలేకపోయినా. పండుకున్నది నేను. పేరు రాసుకున్నది వాళ్లు" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు.

"ఆ చీటీకి ఇప్పుడు రూపాయి ఖర్చు లేదు. వచ్చినాక అడుగుతారు. నీ ఇష్టం" అని అటుపక్కకు తిరిగి పండుకున్నాడు.

నా దగ్గర ఇంకొక చిరునామా ఉంది. కడప హాస్టల్లో నాకు రెండేండ్లు సీనియర్ ఒకాయన అప్పుడు ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతుండేవాడు. సెలవుల్లో కడపలో కలిసినప్పుడు సిగరెట్టు పెట్టె అట్ట చించి హాస్టలు పేరూ రూము నంబరూ రాసిచ్చినాడు. ఆయన మాలాయన. ఊర్లో మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య బావి వేరు, గుడి వేరు. హాస్టల్లో మాత్రం ఒకే ట్రంకుపెట్టె మీద కూర్చోని చదువుకున్నాం.

నిజం చెప్పాలంటే నాకు ఆ రెండూ ఇష్టం లేదు. చీటీ వద్దని నాయన మాటతో తేలిపోయింది. హాస్టలంటే మళ్లా అదే పల్చటి సాంబారు, అదే కింద పరుపు. జీవితంలో ఒక్కసారన్నా నా డబ్బు నేనిచ్చి, మంచం మీద పెద్దమనిషి మాదిరి పండుకోవాలని నా ఆశ. లెక్క ఇచ్చినోణ్ణి ఎవరేమడుగుతారు, డబ్బుకు కులం లేదు కదా అనుకున్నాను. అమ్మ బాధపడుతుందని చీటీ, ఎందుకైనా మంచిదని సిగరెట్టు అట్ట, రెండూ జేబులో పెట్టుకోని 9వ తేదీ సాయంత్రం కడపలో బస్సెక్కినాను.

మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు. నాలుగు వందల కిలోమీటర్ల పైన దారి. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన మీద బస్సు పోతుంటే నాకు మొదటిసారి ఊరు దాటినట్టనిపించింది. తెల్లారేసరికి గౌలిగూడ బస్టాండు. ఇమ్లీబన్ బస్టాండు అప్పటికింకా మొదలు కాలేదు. పెద్ద రేకుల డోము కింద బస్సులన్నీ నిలబడేవి. 2018లో ఆ డోము కూలిపోయిందని పేపర్లో చదివినప్పుడు ఆ పొద్దు అక్కడ బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకోని నిలబడిన నేనే గుర్తుకొచ్చినాను.

అడుగుతా అడుగుతా నాంపల్లి దిక్కు పోయి ఒక చవక లాడ్జి పట్టుకున్నాను. మూడు మంచాల రూములో ఒక మంచం, రోజుకు ఇరవై రూపాయలు. మేనేజరు రిజిస్టరు తీసి పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నాడు. నా పేరును బట్టి కులం తెలియదు, దేవుని పేరే. పెన్ను మూత పెట్టి మామూలుగా, టీ తాగినావా అన్నట్టు అడిగినాడు.

"మీరేమోళ్లు?"

రిజిస్టరులో ఆ గడి లేదు. నేను ఆ మాటే అనొచ్చు. అనలేదు.

"రూములో ఇంకో ఇద్దరున్నారు. మీ జిల్లావాళ్లే. వాళ్లు నన్నడుగుతారు గదా" అన్నాడు.

"బలిజోళ్లం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులభంగా వచ్చిందో! ముందుగా అనుకున్నది కాదు. ఇరవై మూడేండ్లుగా నాలుక కింద తయారుగా ఉన్నట్టుంది. మేనేజరు తాళం చేతికిచ్చినాడు.

రూములో ఉన్న ఇద్దర్లో ఒకాయన పగలంతా బయటే. రెండో ఆయన ప్రొద్దుటూరు దిక్కు మనిషి, యాభై ఏండ్లుంటాయి, కోర్టు పని మీద వచ్చినాడు. నన్ను చూస్తానే "కడపోడివా! రా నాయనా రా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలూ చెనిక్కాయల ఊరిబిండీ ముందర పెట్టినాడు. తన చెంబులో నీళ్లే నాకిచ్చినాడు. నా జన్మలో ఊరాయన ఎవరూ తన చెంబు నాకు ఎత్తిచ్చింది లేదు. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే దొంగసొత్తు మింగినట్టుంది.

"మేనేజరు చెప్పినాడు, మీరూ బలిజోళ్లంట కదా. మేమూ అంతే. మీ ఇంటిపేరేంది? మీకు ఎర్రగుంట్లలో చుట్టాలున్నారా?"

ఒక అబద్ధం చెప్తే దానికి ఇల్లు కట్టాల, చుట్టాల్ని పుట్టించాల. ఆ పగలంతా నేను అదే చేసినాను. ఇంటిపేరొకటి చెప్పినాను. మేనమామనొకణ్ణి మద్రాసు పంపినాను. ఎప్పుడు యాడ పట్టుబడతానో అని చొక్కా తడిసిపోయింది.

సాయంత్రం మంచం కింద నా చెప్పులు చూసినాడు. చేతిలోకి తీసుకోని తిప్పి చూసినాడు. "ఏం కుట్టినాడప్పా! ఇట్లాంటి కుట్టు ఇప్పుడు యాడా కనపడదు. ఎవరు కుట్టినారు?"

మా నాయన అనాల నేను. ఒక్క మాట.

"కడపలో కొన్నా" అన్నాను.

ఆ తర్వాత ఆయన పేపరు తీసినాడు. గుంటూరు జిల్లా చుండూరులో ఆగస్టు 6న దళితుల్ని వేటాడి నరికి, శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేసినారు. ఎనిమిది మందిని. ఆ వార్తలు ఆ వారమంతా పేపర్ల నిండా ఉన్నాయి. ఆయన కండ్లద్దాలు పెట్టుకోని పైకి చదివినాడు. చదివి పేపరు మడిచి అన్నాడు. "అయ్యో పాపం, చంపకూడదు. కానీ అబ్బయా, వాళ్లకు కూడా ఈ మధ్య ఎక్కువైంది. చదువులూ రిజర్వేషన్లూ వచ్చి కండ్లు నెత్తికెక్కినాయి. కాదంటావా?"

నా వైపు చూసినాడు. సొంత మనిషి వైపు చూసినట్టు, ప్రేమగా.

నేను తలూపినాను.

ముప్పై ఏండ్లు దాటినాయి. ఎన్నో మీటింగుల్లో చుండూరు గురించి మాట్లాడినాను. ఆ తలూపడం గురించి ఎక్కడా చెప్పలేదు. ఈ వ్యాసం దాని కోసమే రాస్తున్నాను. ఆ మనిషి రాక్షసుడు కాదు. నాకు రొట్టె పెట్టినాడు. నేను మాదిగోణ్ణని తెలిసుంటే పెట్టేవాడో లేదో తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే ఆయనకివ్వలేదు. ఇరవై రూపాయలకు నాకు దొరికింది మంచం. దానికి నేను కట్టిన అసలు బాడుగ మా నాయన చేతులు, చుండూరు శవాలు.

రాత్రి ఎనిమిదింటికి బ్యాగు సర్దుకున్నాను. "మా చిన్నాయన వచ్చి తీసుకపోతానన్నాడు" అని చివరి అబద్ధం చెప్పినాను. కట్టిన డబ్బులు అడగలేదు. కోఠీకి పోయి, అక్కణ్ణుంచి బస్సు మారి యూనివర్సిటీ దగ్గర దిగి, సిగరెట్టు అట్ట చూపించి అడుక్కుంటా హాస్టలు చేరేసరికి పదయింది.

ఇద్దరికిచ్చిన రూములో తొమ్మిది మంది ఉన్నారు. కొందరికి సీటుంది, కొందరు నాన్‌బోర్డర్లు, ఒకాయన ఎప్పుడో చదువయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాయన. మా సీనియరు నేల మీద పాత పేపర్లు పరుచుకోని ఎర్రరంగుతో పోస్టరు రాస్తున్నాడు. తలెత్తి నన్ను చూసి "బువ్వ తిన్నావా?" అన్నాడు. ఆ రోజంతా నన్ను ఎవరూ కులం తర్వాత తప్ప అన్నం అడగలేదు. మెస్సులోంచి తెచ్చిపెట్టుకున్న అన్నం ఒకే పళ్లెంలో ఆయనా నేనూ తిన్నాం.

ఆ రూములో కూడా ఒకాయన అడిగినాడు. "మాలనా, మాదిగనా?" ఒక్క క్షణం గుండె ఆగింది. "మాదిగ" అన్నాను. "అయితే ఆ మూలకు జరుగు, ఇక్కడ ఇంకొకడు పండుకోవాల" అన్నాడు. ఒకరిద్దరు నవ్వినారు. ఆ నవ్వులో ఏముందో నాకు ఆ రాత్రి అర్థం కాలేదు. 1994లో దండోరా మొదలయినాక ఇట్లాంటి రూముల్లోనే ఎన్ని తగాదాలయినాయో, ఎన్ని స్నేహాలు తెగినాయో నాకు తెలుసు. మన రూముల్లో అంతా సమానమేనని రాయను. కానీ ఆ రాత్రి నేను నా పేరుతో, నా కులంతో పండుకున్నాను. కింద చాప కూడా లేదు. చెప్పులు తలకింద పెట్టుకున్నాను.

ఆదివారం అంతా పోస్టర్లు రాసినాను. 1985 జులై 17న కారంచేడులో చంపినాక అక్కడి మాదిగోళ్లు ఊరిడిచి చీరాల చేరి, అక్కడే బతుకు మొదలుపెట్టిన సంగతి ఆ రూములోనే నాకు వివరంగా తెలిసింది. ఊర్లో ఉండలేనోనికి పట్నంలో నిలబడే తావు కావాల. అది ఎవరు చూపిస్తారు అనేది చిన్న ప్రశ్న కాదు.

సోమవారం ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి కార్డు చూసి "కడపనా? ఎక్కడ దిగినావు?" అన్నాడు. "యూనివర్సిటీ హాస్టల్లో సార్, మా వాళ్ల రూములో" అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ దిగినందుకే రాలేదని చెప్పను. నాకు తెలియదు.

ఊరికి పోయినాక చీటీ తీసుకపోయి రెడ్డికిచ్చినాను. ఆయనకు అప్పటికే తెలుసు. "మన రూములో కనపడలేదంటనే. యాడ దిగినావు?" అన్నాడు. చెప్పినాను. "సరేలే, పెద్దోడివైనావు" అన్నాడు. గొంతు పెంచలేదు. మరుసటేడు ఏరువాకకు మా నాయన కోరుకు చేసే రెండెకరాలు ఇంకొకరికి పోయినాయి. ఎందుకని నాయన అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా అమ్మ ఏడ్చింది. నాయన మాత్రం కత్తీ ఆరె పట్టుకోని కడపకు పోయి రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఒక మనిషి పట్నంలో రెండు రాత్రులు ఎక్కడ పండుకున్నాడనేదానికి ఖరీదు రెండెకరాలు.

అంబేద్కర్ జీవితంలో ఇదే సంగతి చదివింది చాలా ఏండ్ల తర్వాత. 1917లో అమెరికా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతే ఉండను గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకోని దిగినాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకోని పార్సీలు వచ్చినారు. హిందూ మిత్రుణ్ణీ క్రైస్తవ మిత్రుణ్ణీ అడిగితే ఇద్దరూ ఏదో సాకుతో తప్పుకున్నారు. సాయంత్రం దాకా తోటలో కూర్చోని రాత్రి రైలుకు బొంబాయి పోయినాడు. అది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అంతటి మనిషికీ తప్పని దొంగపేరు అని ఓదార్పు కలిగింది. వెంటనే సిగ్గూ వేసింది. ఆయన ఆ సంగతి దాచుకోకుండా రాసిపెట్టినాడు. నేను దాచుకున్నాను.

అమెరికాలో నల్లవాళ్లు ఊర్లు తిరిగేటప్పుడు ఏ ఊర్లో ఏ ఇంట్లో తమను దిగనిస్తారో చెప్పే పుస్తకాన్ని విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి పోస్టుమాన్ 1936 నుంచి వేసినాడు. నా కాలంలో మాకు ఆ పుస్తకం రూము నంబరు రాసిన సిగరెట్టు అట్ట. పెద్దకులాలు ఈ పని మనకన్నా ముందే తెలుసుకున్నాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లోనే మొదలైంది. మనవాళ్లూ ఊరికే కూర్చోలేదు. భాగ్యరెడ్డివర్మ చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం నిలబెట్టినాడు. గౌలిగూడలో బస్సు దిగి దిక్కుతోచక నిలబడిన నాకు అది నడిచిపోయేంత దూరం. ఆ పేరు కూడా నాకెవరూ చెప్పలేదు. మన చరిత్ర తెలియకపోవడమంటే ఇదే. పక్క వీధిలో మన ఇల్లుంటే పై వీధిలో దొంగపేరుతో పండుకోవడం.

ఇప్పుడు కాలం మారిందంటారు. ఫోన్లోనే రూములు దొరుకుతాయి. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఇంటామె "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని మొదలుపెట్టి, మెల్లగా "మీరేమిటి?" దాకా వచ్చింది. మా అమ్మాయి చెప్పింది. ఆ ఇల్లు రాలేదు. రెండు నెలలు తిరిగింది, దొంగపేరు మాత్రం చెప్పలేదు. 2016 జనవరిలో ఇదే హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములతో సహా అయిదుగురు విద్యార్థులు హాస్టలు రూముల నుంచి బయటపడి, ఆరుబయట వెలివాడ అని పేరుపెట్టుకోని పండుకున్నారు. 17వ తేదీన రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. రూము అంటే నాలుగు గోడలు మాత్రమే అయితే ఆ పిల్లలు దానికోసం అంత చలిలో కూర్చునేవాళ్లు కాదు.

నాకు తర్వాత బడిపంతులు ఉద్యోగం వచ్చింది. 1998లో నాయన కంటి ఆపరేషనుకు హైదరాబాదు తీసుకపోయినాను. మా సీనియరు ఇంట్లోనే దిగినాం. కట్టు విప్పినాక ఆయన ఒకటే అడిగినాడు, ఎమ్మెల్యే క్వార్టర్స్ చూడాలని. పోయినాం. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాల?" అన్నాడు.

"ఎవరూ వద్దులే నాయనా. నేను పండుకున్న తావు ఒకసారి చూసిపోతా" అన్నాడు.

ఆ మనిషి ఏమనుకున్నాడో, పోనిచ్చినాడు. నాయన మెట్లకింద వంగి చూసినాడు. పాత బకెట్లూ చీపుర్లూ ఉన్నాయక్కడ. "ఇంత చిన్నదా" అన్నాడు. "నాకు పెద్దగా ఉన్నట్టు గుర్తు."

తిరిగొచ్చేటప్పుడు ఆయనకు చెప్పాలనుకున్నాను, నాంపల్లి లాడ్జిలో చెప్పుల సంగతి. చెప్పలేకపోయినాను. 1991లో నేను ఇంటర్వ్యూ నుంచి ఇంటికొచ్చిన రోజు ఆయన ఉద్యోగం గురించి అడగలేదు. యాడ దిగినావని కూడా అడగలేదు. నా కాళ్ల వైపు చూసి "చెప్పులు కరిసినాయా?" అన్నాడు.

"లేదు నాయనా" అన్నాను. ఆ ప్రయాణంలో నేను ఇంట్లో చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆయన ఇప్పుడు లేడు. అందుకే ఇక్కడ చెప్తున్నాను. కరిసినాయి. ఇప్పటికీ కరుస్తున్నాయి.